కేస్ స్టడీ: ఇంటి నెట్‌వర్క్‌కు చవక ల్యాన్ కార్డులు – ఏ మెషీన్‌కు ఏది సరిపోతుంది, ఎందుకు

నేపథ్యం

ఒంగోలుకూ కావలికీ మధ్య, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న పట్టణంలోని రెండంతస్తుల ఇల్లు. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. కింద తండ్రి ఆఫీసు గది. చుట్టుపక్కల రొయ్యల చెరువుల వాళ్ళకు మేత, మందుల లెక్కలు ట్యాలీలో రాస్తారు. పైన కొడుకు పెళ్ళిళ్ళ ఫొటోలు, వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఇంటర్నెట్ ఫైబర్ మీద వస్తుంది. ఓఎన్‌టీ, అంటే ఫైబర్ వాళ్ళిచ్చిన వైఫై డబ్బా, కింది గదిలో ఉంది.

ఇంట్లో ఉన్న మెషీన్లు:

లెక్కల మెషీన్ (కింద): జీ41 మదర్‌బోర్డు, కోర్ 2 డ్యూయో ప్రాసెసర్. బోర్డు మీది ల్యాన్ పోర్టు (నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే చోటు) ఉరుములకు పోతే, షాపులో ఆర్‌టీఎల్8139 చిప్ ఉన్న పాత పీసీఐ కార్డు (బోర్డు మీది పాతరకం స్లాటులో గుచ్చేది) వేసిచ్చారు. ట్యాలీ డేటా ఇందులోనే.

స్టోరేజ్ మెషీన్ (పైన): సెకండ్‌హ్యాండ్‌లో కొన్న సన్నపాటి ఆఫీసు డెస్క్‌టాప్, నాలుగో తరం ఐ5. బోర్డు మీద ఇంటెల్ ఐ217 గిగాబిట్ (1000 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 1000 మెగాబిట్లు) పోర్టు బాగానే ఉంది. లోపల 4 టీబీ హార్డ్‌డిస్కులు రెండు.

ఎడిటింగ్ మెషీన్ (పైన): బీ450 బోర్డు, రైజెన్ 5. దీని ల్యాన్ పోర్టూ ఉరుములకే పోయింది. దాని బదులు ఆన్‌లైన్‌లో కొన్న యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ తగిలించుకున్నారు.

లాప్‌టాప్: ల్యాన్ పోర్టు లేదు. పైనుంచి ట్యాలీ తెరవడానికీ, అప్పుడప్పుడు ఫొటోల పనికీ వాడతారు.

వీటితోపాటు పైగదిలో సీసీటీవీ డీవీఆర్ (కెమెరాల రికార్డర్), పాత ఎనిమిది పోర్టుల నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్ళన్నీ కలిసే డబ్బా) ఉన్నాయి. పిల్లల చదువు కంప్యూటర్ వైఫై మీద నడుస్తోంది. దాన్ని అలాగే వదిలేశాం.

ఇంటివాళ్ళు పెట్టుకున్న ఖర్చు పరిమితి 6,000 రూపాయలు.

సమస్య

వాళ్ళు చెప్పినవి మూడు. ఒక పెళ్ళి తాలూకు ఫైళ్ళు, సుమారు 180 జీబీ, ఎడిటింగ్ మెషీన్ నుంచి స్టోరేజ్‌కు వెళ్ళడానికి నాలుగు గంటలు దాటుతోంది. పైనుంచి ట్యాలీ తెరిస్తే మధ్యలో కనెక్షన్ పోతోంది. ఏటా ఉరుముల కాలంలో ఒకటో రెండో పోర్టులు చచ్చిపోతున్నాయి.

"నెట్ ప్లాన్ యాభై నుంచి వందకు పెంచినాం. అయినా కాపీ అట్నే నత్తలాగ పోతా ఉందన్నా" అన్నాడు కొడుకు. ఈ పొరపాటు చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. ఇంట్లో ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు వెళ్ళే ఫైలు ఇంటర్నెట్ గడప తొక్కదు. అది కార్డు, కేబుల్, స్విచ్, మళ్ళీ కేబుల్, కార్డు, చివర హార్డ్‌డిస్క్ మీదుగా వెళ్తుంది. ఈ ఆరింటిలో ఏది మెల్లగా ఉంటే మొత్తం వేగం అదే. ప్లాన్ పెంచినందుకు నెలనెలా పోయిన డబ్బుతో రెండు మంచి కార్డులు వచ్చేవి.

కార్డుల జోలికి పోకముందు చేసిన లెక్క

ముందు ఒక కాగితం మీద ఇంట్లో డేటా ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో గీశాం. ఈ కేసులో తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయమూ ఆ కాగితం మీద నుంచే వచ్చింది. ఎడిటింగ్ మెషీన్–స్టోరేజ్ గీత లావుగా వచ్చింది. లాప్‌టాప్–స్టోరేజ్ గీత ఒక మాదిరి. లాప్‌టాప్–లెక్కల మెషీన్ గీత సన్నం, ఎందుకంటే ట్యాలీ ఒక్కసారిగా పంపే డేటా తక్కువ. ఇంటర్నెట్‌కు వెళ్ళే గీత 100 ఎంబీపీఎస్ ప్లానును మించి లావెక్కదు.

లావు గీతలు రెండూ పైగదిలోనే, ఒకే స్విచ్ చుట్టూ ఉన్నాయి. అంటే గిగాబిట్ అవసరమైనది మూడు మెషీన్లకే. కింది మెషీన్‌కు వేగం అక్కర్లేదు, తెగకుండా ఉండటం కావాలి. "అన్నిటికీ తలా ఒక గిగాబిట్ కార్డు" అని షాపులో ఇచ్చిన కొటేషన్‌ను ఇక్కడే పక్కన పెట్టాం.

అంకెలు కూడా ముందే వేసుకోవాలి. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, 100 ఎంబీపీఎస్ లింకు మీద అసలు డేటా సెకనుకు 11.7 మెగాబైట్లకు మించి కదలదు. 180 జీబీని దానితో భాగిస్తే నాలుగుంబావు గంటలు. వాళ్ళు చెప్పిన సమయం సరిగ్గా ఇదే కాబట్టి, దారిలో ఎక్కడో 100 లింకు ఉందని మెషీన్ తెరవకముందే తెలిసిపోయింది. గిగాబిట్ అయితే సెకనుకు 110 మెగాబైట్ల చుట్టూ వస్తుంది, అదే పని అరగంట లోపు.

మరి 2.5 గిగాబిట్? కొడుకు అడిగిన మంచి ప్రశ్న. స్టోరేజ్‌లో ఉన్నవి తిరిగే హార్డ్‌డిస్కులు. ఖాళీగా ఉన్నప్పుడు సెకనుకు 150 మెగాబైట్లు రాస్తాయేమో గానీ, డిస్కు నిండేకొద్దీ లోపలి ట్రాకుల మీద వందకు దిగువకు పడిపోతాయి. 2.5 గిగాబిట్‌కు రెండు కార్డులు, కొత్త స్విచ్ కొన్నా ఆ డబ్బంతా డిస్కు దగ్గర ఆగిపోతుంది. వద్దన్నాం.

పరీక్షలో ఏం తేలింది

మొదటి పని, ప్రతి మెషీన్‌లో లింకు వేగం చూడటం. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ‘గెట్-నెట్‌అడాప్టర్’ కమాండ్ ఇస్తే లింక్‌స్పీడ్ వరుసలో కనిపిస్తుంది. లినక్స్‌లో ‘ఈథ్‌టూల్’ చూపిస్తుంది. స్టోరేజ్ మెషీన్ కార్డు గిగాబిట్‌ది. అయినా లింకు 100 అని వచ్చింది. కారణం స్విచ్ అడుగున లేబుల్ మీద ఉంది: 10/100. ఈ స్విచ్ ఉన్నంతకాలం ఎంత ఖరీదైన కార్డు వేసినా ఫలితం ఉండదు. కార్డు కొనేముందు స్విచ్ తిప్పి అడుగున చదవడం అర నిమిషం పని.

రెండోది, యూఎస్‌బీ అడాప్టర్. నీలం ప్లాస్టిక్ మూతి (యూఎస్‌బీ 3కు గుర్తుగా వాడే రంగు), డబ్బా మీద ‘యూఎస్‌బీ 3.0, గిగాబిట్’ అని అచ్చు. డివైస్ మేనేజర్‌లో దాని ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ తెరిస్తే వెండర్ 0బీడీఏ, ప్రొడక్ట్ 8152 అని వచ్చింది. అది రియల్‌టెక్ ఆర్‌టీఎల్8152 చిప్. యూఎస్‌బీ 2.0 మీద నడిచే 100 ఎంబీపీఎస్ చిప్ అది. గిగాబిట్ కావాలంటే అక్కడ 8153 ఉండాలి. చివరి అంకె ఒక్కటే తేడా, వేగంలో పదింతల తేడా. ఇంకా చవకరకాల్లో డీఎం9601 కోవ చిప్‌లు వస్తాయి. అవి యూఎస్‌బీ 1.1 మీద పనిచేస్తాయి కాబట్టి 12 ఎంబీపీఎస్ దాటవు. మూతి నీలంగా ఉండటం దేనికీ రుజువు కాదు.

మూడోది, కింది మెషీన్‌లో ట్యాలీ తెగిపోవడం. పింగ్ (అవతలి మెషీన్ పలుకుతోందా అని పంపే చిన్న పలకరింపు) పెడితే ఒక్కటీ పోలేదు. కానీ ఒక పెద్ద ఫైలు కాపీ పెట్టగానే వేగం సెకనుకు మెగాబైటు కూడా లేకుండా పడిపోయి, మధ్యమధ్య ఆగింది. పింగ్ బాగుండి బరువు పడగానే కుదేలవుతుంటే ముందు అనుమానించాల్సింది డూప్లెక్స్ తేడాని, అంటే రెండువైపులా ఒకేసారి పంపడం (ఫుల్), వంతులవారీగా పంపడం (హాఫ్) అన్నదాంట్లో రెండు కొసలకూ కుదరకపోవడాన్ని. కార్డు ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ తెరిస్తే స్పీడ్–డూప్లెక్స్ సెట్టింగు ‘100 ఫుల్’ అని బిగించి ఉంది. పాత పోర్టు పోయినప్పుడు ఎవరో వేగం పెరుగుతుందని అలా పెట్టారు.

ఇలా పెడితే ఏమవుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని కార్డు పాడైందని పొరబడి కార్డు మార్చేవాళ్ళు చాలామంది. ఒకవైపు కార్డును 100 ఫుల్‌కు బిగించేస్తే అది అవతలి పోర్టుతో సంప్రదించడం మానేస్తుంది. ఇంట్లో వాడే మామూలు స్విచ్ పోర్టు ఎప్పుడూ ఆటోలోనే, అంటే అవతలి కొసతో సంప్రదించి తేల్చుకునే పద్ధతిలోనే ఉంటుంది. సంప్రదింపు లేకపోయినా సిగ్నల్ చూసి వేగం 100 అని అది పసిగడుతుంది గానీ డూప్లెక్స్ సంగతి తెలుసుకోలేదు. అలాంటప్పుడు హాఫ్ అని అనుకోవాలన్నది ప్రమాణం. ఇక కార్డు తనకిష్టమైనప్పుడల్లా పంపుతుంది, స్విచ్ మాత్రం ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఆగాలన్న లెక్కలో ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి పంపితే స్విచ్ దాన్ని ఢీ కింద లెక్కేసి తన ఫ్రేమ్ (డేటా ముక్క) వదిలేస్తుంది. పింగ్ చిన్నది కాబట్టి దాటిపోతుంది. ట్యాలీలో ఒక కంపెనీ లెక్కలు తెరిచేటప్పుడు రెండువైపులా డేటా గుప్పున వస్తుంది, అక్కడ తెగుతుంది.

నాలుగోది, కింది నుంచి పైకి వెళ్ళే కేబుల్. ప్లగ్ తీసి చూస్తే ఎనిమిది తీగల్లో నాలుగే ఉన్నాయి. నీలం, గోధుమ రంగు జతలు పక్కకు లాగి ఇంకో ప్లగ్‌కు వేసి ఉన్నాయి, డీవీఆర్ కోసం. స్విచ్ కొనకముందు ఒకే కేబుల్‌లో రెండు కనెక్షన్లు నడిపిన ఏర్పాటు. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు కాబట్టి నడిచింది. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. అంతకంటే పెద్ద సమస్య, ఆ కేబుల్ బయటి గోడ మీదుగా, డాబా పిట్టగోడ చుట్టి లోపలికి వచ్చింది. తీగ గోకి చూస్తే రాగి పూత కింద తెల్లటి అల్యూమినియం. ఉప్పు గాలికి ప్లగ్ కొనల దగ్గర పచ్చగా చిలుము పట్టింది.

ప్రయత్నించినవి, పనికిరానివి

ముందు సెట్టింగుతో మొదలుపెట్టాం, ఖర్చు లేదు కాబట్టి. కింది కార్డును ఆటో నెగోషియేషన్‌కు మార్చాం. కాపీ వెంటనే సెకనుకు 11 మెగాబైట్లకు వచ్చింది. ఆర్‌టీఎల్8139 పాతకాలపు చిప్. వచ్చిన డేటాను ఒకే బఫరులో పోస్తుంది, అక్కడి నుంచి ప్రాసెసరే కాపీ చేసుకోవాలి. కానీ 100 ఎంబీపీఎస్ దగ్గర కోర్ 2 డ్యూయోకు అది భారం కాదు. ట్యాలీకి ఇంతకంటే అవసరం లేదు. కాబట్టి ఆ కార్డును మార్చలేదు.

దీని బదులు పీసీఐ గిగాబిట్ కార్డు వేద్దామా అన్న ఆలోచన వచ్చింది. పీసీఐ బస్ (కార్డులకూ బోర్డుకూ మధ్య డేటా దారి) మొత్తం సామర్థ్యం సెకనుకు 133 మెగాబైట్లు, అదీ ఆ బస్ మీదున్న కార్డులన్నీ పంచుకోవాలి. ఆచరణలో గిగాబిట్ పూర్తి వేగం రాదు. అదే బోర్డులో పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్1 స్లాటు (కొత్తరకం చిన్న స్లాటు) ఖాళీగా ఉన్నప్పుడు పీసీఐ కార్డుకు డబ్బు పెట్టడంలో అర్థం లేదు. ఎక్స్‌ప్రెస్‌లో తొలి తరం ఎక్స్1 లేన్ కూడా ఒక్కో దిశకు సెకనుకు 250 మెగాబైట్లు ఇస్తుంది. రేపెప్పుడైనా ఆ మెషీన్‌కు గిగాబిట్ కావాలంటే వెళ్ళాల్సింది ఆ స్లాటుకే.

తర్వాత స్విచ్ ఒక్కటి మార్చి చూశాం. స్టోరేజ్ లింకు 1000కి ఎక్కింది. కాపీ వేగం మాత్రం అంగుళం కదల్లేదు. అవతలి కొసన 8152 అడాప్టర్ ఉంది మరి. ఊహించిందే అయినా ఒక్కొక్కటిగా మార్చడానికి కారణం ఉంది. అన్నీ ఒకేసారి మారిస్తే ఏ భాగం వల్ల ఏం బాగుపడిందో తెలియదు, రేపు పాడైతే ఎక్కడ వెతకాలో కూడా తెలియదు.

మూడోది, కొడుకు సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చి ఉంచిన రెండు పోర్టుల ఇంటెల్ సర్వర్ కార్డు. రెండు పోర్టులు కలిపితే రెండింతల వేగం వస్తుందని అతని ఆశ. స్టోరేజ్ మెషీన్ సన్నటి కేబినెట్. దానికి ఎనిమిది సెంటీమీటర్ల పొట్టి బ్రాకెట్ కావాలి, కార్డుతో వచ్చింది పన్నెండు సెంటీమీటర్ల పూర్తి ఎత్తుది. కేబినెట్ మూత పడలేదు. బ్రాకెట్ లేకుండా వదులుగా పెట్టి నడపడం మంచిది కాదు, కేబుల్ లాగినప్పుడల్లా కార్డు స్లాటులో పక్కకు ఒరుగుతుంది.

బ్రాకెట్ దొరికినా ఉపయోగం తక్కువే. పోర్టులు కలిపే పద్ధతికి స్విచ్ కూడా సహకరించాలి, ఇళ్ళలో వాడే మామూలు స్విచ్‌కు ఆ సౌకర్యం ఉండదు. ఉన్నా, ఒక మెషీన్ నుంచి ఒక మెషీన్‌కు వెళ్ళే ఒక్క కాపీ ఒకే పోర్టులోంచి పోతుంది. విండోస్ 8 నుంచి వచ్చిన ఎస్ఎంబీ మల్టీచానెల్ (విండోస్ ఫైల్ షేరింగ్‌లోని సౌకర్యం) మాత్రం స్విచ్ సహకారం లేకుండానే రెండు కార్డుల మీద ఒకే కాపీని పంచగలదు, కానీ రెండు కొసల్లోనూ రెండేసి పోర్టులుండాలి. చివరికి మళ్ళీ అదే హార్డ్‌డిస్క్ అడ్డొస్తుంది. ఆ కార్డును పక్కన పెట్టేశాం. ఇంటెల్ సర్వర్ కార్డులకు నకిలీలు మార్కెట్లో ఉన్నాయి కాబట్టి, ఎక్కడిదో తెలియని కార్డును డేటా ఉండే మెషీన్‌లో పెట్టకపోవడమే మేలు.

వైఫై కార్డులూ చర్చకు వచ్చాయి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కాంక్రీటు శ్లాబు దాటేసరికి బలహీనపడుతుంది, గాలిని అందరూ పంచుకోవాలి. కదలని మెషీన్లకు తీగే చవక.

పనిచేసినవి

ఎడిటింగ్ మెషీన్‌కు ఆర్‌టీఎల్8168 కుటుంబం చిప్ ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్1 కార్డు తీసుకున్నాం. ఈ చిప్పే ఎందుకంటే, విండోస్ 10, 11 లోనూ లినక్స్‌లోనూ డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ముందే ఉంటుంది. ల్యాన్ కార్డుకు డ్రైవర్ డౌన్‌లోడ్ చేయాలంటే ల్యాన్ కావాలి. ఈ చిక్కు పల్లెల్లో, చిన్న టౌన్లలో నిజంగా ఇబ్బంది పెడుతుంది. ఇంటెల్ అసలు కార్డుకు రెట్టింపుకు పైగా ధర. ఒక డెస్క్‌టాప్ ఒక్క కాపీ చేయడంలో ఆ తేడా కనిపించదు. రోజంతా పదుల కనెక్షన్లు మోసే సర్వర్ అయితే సమాధానం వేరేగా ఉండేది.

షాపులో కార్డు చేతిలోకి తీసుకున్నప్పుడు చూసినవి: చిప్ మీద అచ్చయిన పేరు, అంచున గోల్డ్ కాంటాక్టుల పొడవు (ఎక్స్1 చిన్నగా ఉంటుంది, పీసీఐ పొడవుగా ఉంటుంది), డబ్బాలో పొట్టి బ్రాకెట్ కూడా ఉందా లేదా. పొట్టి బ్రాకెట్ ఉన్న రకమే తీసుకున్నాం. ఇదే కార్డు రేపు స్టోరేజ్ మెషీన్‌లోకి వెళ్ళాల్సి రావచ్చు. మెషీన్‌లో వేశాక హార్డ్‌వేర్ ఐడీలో వెండర్ 10ఈసీ, డివైస్ 8168 అని సరిచూశాం. పోయిన బోర్డు పోర్టును బయాస్‌లో (మెషీన్ ఆన్ కాగానే తెరవగలిగే బోర్డు సెట్టింగుల్లో) డిసేబుల్ చేశాం. అది డివైస్ మేనేజర్‌లో కనిపిస్తూ ఎప్పుడూ ‘కేబుల్ లేదు’ అంటూ ఉంటే ఇంట్లోవాళ్ళు పొరపాటున అందులోనే కేబుల్ గుచ్చుతారు.

కార్డు వేయగానే లింకు మళ్ళీ 100 అనే వచ్చింది. ఇక్కడ కార్డును అనుమానించి షాపుకు తిరిగివ్వడం తేలిక. ముందు కేబుల్ చూశాం. పాత రౌటర్ డబ్బాలో వచ్చిన తెల్లటి ప్యాచ్ కేబుల్ (ప్లగ్‌లు బిగించి వచ్చే పొట్టి కేబుల్) అది. ప్లగ్‌ను వెలుతురుకు పట్టి చూస్తే లోపల నాలుగే తీగలు, మధ్యన 4, 5, చివర 7, 8 గాడులు ఖాళీ. చవక పరికరాలతో ఇలాంటి నాలుగు తీగల కేబుళ్ళు వస్తుంటాయి. ఎనిమిది తీగల క్యాట్6 (గిగాబిట్‌కు సరిపోయే రకం) ప్యాచ్ కేబుల్ వేస్తే వెంటనే 1000.

లాప్‌టాప్‌కు ఆర్‌టీఎల్8153 అడాప్టర్. ఏఎక్స్88179 చిప్ ఉన్నదీ సరిపోయేదే, షాపులో దొరికింది ఇది. దీనికి జాగ్రత్తలు మూడు. లాప్‌టాప్‌లో యూఎస్‌బీ 3 పోర్టుకే పెట్టాలి. యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే 300 ఎంబీపీఎస్ చుట్టూ ఆగిపోతుంది. డివైస్ మేనేజర్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ‘పవర్ ఆదా కోసం ఆఫ్ చేయనివ్వు’ అన్న టిక్ తీసేయాలి, లేకుంటే కాసేపు వాడకపోతే అడాప్టర్ నిద్రపోయి ట్యాలీ తెగుతుంది. వైర్‌లెస్ మౌస్ రిసీవర్ దాని పక్క పోర్టులోనే ఉంటే మౌస్ ఎగిరెగిరి పడుతుంది. యూఎస్‌బీ 3 వెలువరించే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడటం అందుకు కారణం. రిసీవర్‌ను రెండోవైపు పోర్టుకు మార్చితే సరి.

అంతస్తుల మధ్య కేబుల్‌ను వేగం కోసం మార్చలేదు. దాని గుండా పోయేది ఇంటర్నెట్, ట్యాలీ మాత్రమే. మార్చింది పోర్టులు చచ్చిపోకుండా. బయట డాబా మీదుగా పోయే పొడవాటి తీగలో దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు వోల్టేజి పుడుతుంది. ల్యాన్ పోర్టులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకు ప్రమాణం ప్రకారం 1500 వోల్టుల వేర్పాటు (ఇన్సులేషన్) ఉంటుంది. పిడుగు తాకిడికి అది చాలదు. ఈ తీరంలో వేసవి ఉరుములొక విడత, ఈశాన్య రుతుపవనాల తుపాన్లొక విడత. ఎన్ని కార్డులు కొన్నా ఆ కేబుల్ అక్కడే ఉంటే అవి దానికి ఆహుతే. కొత్త క్యాట్6 స్వచ్ఛమైన రాగి కేబుల్ 20 మీటర్లు, మెట్ల పక్కనున్న పీవీసీ పైపులోంచి, కరెంటు వైర్లకు ఎడంగా లాగాం. రెండు కొసల్లోనూ బీ పద్ధతి వరుస: తెలుపు–ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు–పచ్చ, నీలం, తెలుపు–నీలం, పచ్చ, తెలుపు–గోధుమ, గోధుమ. జతల మెలిక ప్లగ్ దగ్గర 13 మిల్లీమీటర్లకు మించి విప్పలేదు. డీవీఆర్ కొత్త స్విచ్‌కే వచ్చింది.

మీడియా కన్వర్టర్లు (ల్యాన్ సిగ్నల్‌ను ఫైబర్‌లోకి మార్చే డబ్బాలు) పెట్టి మధ్యలో ఫైబర్ వేయడం ఇంకా భద్రం. పక్క షెడ్డుకో వేరే ఇంటికో కేబుల్ వేయాల్సి వస్తే అదే సరైన దారి, ఎందుకంటే రెండు భవనాల ఎర్త్‌లు వేరు. ఇక్కడ ఒకే భవనం, ఒకే ఎర్త్. లోపలి దారి దొరికింది కాబట్టి ఆ ఖర్చు మిగిలింది.

ఆ ఎర్త్ సంగతి కూడా చూడాల్సి వచ్చింది. పైగది సాకెట్లో ఫేజ్–న్యూట్రల్ మధ్య 230 వస్తుంటే ఫేజ్–ఎర్త్ మధ్య 150 దగ్గర ఊగుతోంది. అంటే ఎర్త్ సరిగా లేదు. ఎలక్ట్రీషియన్ చూస్తే గుంత ఎండిపోయి, తీగ బిగింపు తుప్పుపట్టి ఉంది. ఉప్పు, బొగ్గు వేసి, క్లాంపు మార్చి నీళ్ళు పోశాక ఫేజ్–ఎర్త్ 229, న్యూట్రల్–ఎర్త్ ఒకటి రెండు వోల్టులు. ఈ కొలతలు అలవాటు లేనివాళ్ళు తీసుకోకూడదు.

ఓఎన్‌టీ దగ్గర ఒక చిన్న విషయం. దానికి నాలుగు ల్యాన్ పోర్టులున్నా గిగాబిట్ ఒకటే, మిగతా మూడూ 100వి. ఇలాంటివి చాలా ఇళ్ళలో ఉంటాయి, పోర్టు పక్కన జీఈ (గిగాబిట్), ఎఫ్ఈ (100) అని రాసి ఉంటుంది. పైకి వెళ్ళే కేబుల్‌ను జీఈ పోర్టుకు, లెక్కల మెషీన్‌ను ఎఫ్ఈ పోర్టుకు పెట్టాం.

ఖర్చు: ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్ 1,600. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు రెండు 1,700. యూఎస్‌బీ అడాప్టర్ 1,200. కేబుల్ 600. ప్యాచ్ కేబుళ్ళు, ప్లగ్‌లు 250. మొత్తం 5,350. మిగిలిన 650 ఎర్త్ గుంతకు పోయాయి. రెండో కార్డు స్పేర్. ఉరుములకు పోర్టు పోవడం పండగ ముందో పెళ్ళిళ్ళ సీజన్లోనో జరిగితే ఆ రోజు ఒంగోలు వెళ్ళి తెచ్చుకునే తీరిక ఉండదు. స్పేర్ కార్డును యాంటీస్టాటిక్ కవరులో, సిలికా జెల్ పొట్లంతో కలిపి జిప్ కవరులో పెట్టాం. ఉప్పు గాలికి కాంటాక్టులు మసకబారకుండా ఇది అవసరం. స్విచ్‌లో వాడని పోర్టులకు రబ్బరు మూతలు పెట్టాం.

ఫలితం ఎలా కొలిచాం

ఫైలు కాపీ ఒక్కటి చూస్తే డిస్కు తప్పు కార్డు మీద పడుతుంది. అందుకని ముందు ఐపెర్ఫ్3 అనే ప్రోగ్రాంతో డిస్కు ప్రమేయం లేకుండా నెట్‌వర్క్‌ను మాత్రమే కొలిచాం. స్టోరేజ్ మెషీన్‌లో సర్వర్‌గా నడిపి, మిగతా రెండిటి నుంచి రెండు దిశల్లోనూ పది నిమిషాలు పెట్టాం. ఎడిటింగ్ మెషీన్ 940 ఎంబీపీఎస్ చుట్టూ, లాప్‌టాప్ దానికి కొంచెం దిగువన నిలబడ్డాయి. గిగాబిట్ మీద మామూలు ఫ్రేమ్ సైజుతో వచ్చే గరిష్ఠం దాదాపు ఇదే. కాబట్టి జంబో ఫ్రేమ్ (డేటా ముక్కల సైజు పెంచే) సెట్టింగుల జోలికి పోలేదు. ఒక మెషీన్‌లో పెట్టి ఇంకోదాంట్లో మరిచిపోతే కొన్ని పనులు నడిచి కొన్ని నడవని వింత తెగుళ్ళు వస్తాయి.

పరీక్ష అయ్యాక ‘నెట్‌స్టాట్ -ఈ’ కమాండ్‌లో ఎర్రర్ల వరుస సున్నా ఉందో లేదో చూశాం. వేగం బాగుండి ఎర్రర్లు పెరుగుతుంటే ప్లగ్ బిగింపు సరిగా లేనట్టే. ఇక్కడ సున్నా. అదే 180 జీబీ పెళ్ళి ఫోల్డరు ఇప్పుడు సుమారు 35 నిమిషాల్లో వెళ్తోంది. పెద్ద వీడియో ఫైళ్ళు 110 దగ్గర పోతాయి, వేల చిన్న ఫొటోలు వచ్చేసరికి తగ్గుతుంది. ట్యాలీ తెగడం ఆగింది. ఆ ఏడు వానాకాలం దాటేదాకా కొత్తగా ఏ పోర్టూ పోలేదు. ఒక్క సీజనును బట్టి పిడుగుల బెడద తీరిందని చెప్పడం తొందరపాటే. బయటి తీగ తీసేయడం, ఎర్త్ బాగుచేయడం మాత్రం ఎప్పుడైనా చేయాల్సిన పనులు.

ఈ కేసు నుంచి పట్టుకెళ్ళాల్సినవి

నాలుగు మెషీన్లలో కొత్త కార్డు లేదా అడాప్టర్ అవసరమైంది రెండిటికే. ఒకదాని సమస్య సెట్టింగుతో పోయింది, ఒకదాని కార్డు మొదటి నుంచీ బాగానే ఉంది. ఇది తెలిసింది గీత గీసి, లింకు వేగం చదివి, స్విచ్ అడుగున చూసినందువల్ల. షాపుకు వెళ్ళేముందు ఒక చీటీ మీద మెషీన్‌కొక వరుసగా నాలుగు విషయాలు రాసుకుంటే చాలు: ఏ స్లాటు ఖాళీ, కేబినెట్ సన్నమా మామూలుదా, ఏ ఆపరేటింగ్ సిస్టం, అవతలి కొసన స్విచ్ వేగం ఎంత. అప్పుడు అమ్మే అతను చూపించినదాన్ని కాకుండా మీకు సరిపోయే చిప్‌ను పేరు పెట్టి అడగొచ్చు. ఆన్‌లైన్‌లో అయితే చిప్ పేరు రాయని కార్డు కొనకండి. డబ్బా మీద గిగాబిట్ అన్న మాటను నమ్మకుండా, తిరిగిచ్చే గడువు లోపే లింకు వేగం, హార్డ్‌వేర్ ఐడీ చూసుకోండి.

స్టోరేజ్‌లో ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు) వేసే రోజు వస్తే అప్పుడు 2.5 గిగాబిట్ మాట మళ్ళీ తీద్దామని కొడుకుతో అనుకున్నాం. దానికి కొత్త స్విచ్ కూడా అక్కర్లేదు. ఆర్‌టీఎల్8125 చిప్ కార్డులు రెండు, ఎక్స్1 రకం, ఒకటి పొట్టి బ్రాకెట్‌తో. రెండు మెషీన్లూ ఒకే గదిలో ఉన్నాయి కాబట్టి వాటి మధ్య నేరుగా ఒక క్యాట్6 ప్యాచ్ కేబుల్. ఎడిటింగ్ మెషీన్‌లో ఆ కార్డుకు ఐపీ అడ్రసు 10.10.10.1, స్టోరేజ్‌లో 10.10.10.2, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే ఖాళీ. కాపీ చేసేటప్పుడు మెషీన్ పేరుతో కాకుండా 10.10.10.2 అని తెరవాలి. ఇంటర్నెట్, ట్యాలీ ఇప్పుడున్న స్విచ్ మీదే నడుస్తాయి.